ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగాను

నేను వకీలునని చెప్పగానే కొత్తవాళ్లు అడిగే మొదటి మాట, "కోర్టుల నిజంగ గట్లనే అరుస్తరా?" అని. అరవం. విదేశీ సినిమాల్లోలాగా పన్నెండుమంది జ్యూరీ వరుసగా కూర్చుని మన వాదనకు కళ్లు తుడుచుకోవడమూ ఉండదు. మనం ఒప్పించాల్సింది ఒక్క మనిషిని. ఆ జడ్జిగారు కూడా చాలావరకు మన ముఖం చూడరు. సాక్షి తెలుగులో చెప్పిన ముక్కను ఇంగ్లిషులోకి తిప్పి స్టెనోకు చెప్పుకుంటూ ఉంటారు. ఆ కాగితం మీదికి ఎక్కని మాటకు కోర్టులో విలువ లేదు.

జనగామలో మా సీనియర్ దగ్గర నేను నేర్చుకున్న విద్యంతా ఆ కాగితం గురించే. "నీకు గావల్సిన జవాబు రాంగనే కూసో. ఇంకొకటి అడగాలని నాలుక గుంజుతది. కొరుక్కొని కూసో" అనేవాడాయన. నేను కిరాణా దుకాణం ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయిన, వచ్చినవాళ్లు కొంటామన్నాక కూడా పప్పు గొప్పదనం చెప్తూనే ఉండేవాడు. ఆ రోగం నాకూ ఉంది.

మహబూబాబాద్‌లో, మా నోట మానుకోటలో, నేను సొంతంగా నడిపిన మొదటి హత్య కేసు ఒక లంబాడా తండాది. తండా పేరు రాయను. ముద్దాయి అరవై దాటిన రైతు. మోటారు నీళ్ల దగ్గర ఆయనకూ తమ్ముడికీ పాత తగాదా. ఒక సాయంత్రం తమ్ముడు తాగి అన్న ఇంటి మీదికి వచ్చాడు. గొడ్డలి కర్రకామతో ఎవరో కొట్టిన దెబ్బ తలకు తగిలింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. తెల్లారి తండా పంచాయితీలో ఈ ముసలాయన లేచి, తలపాగా తీసి, నాయక్ అని పిలిచే తండా పెద్ద ముందు పెట్టి, "తప్పు నాది" అన్నాడు. పోలీసుల కేసంతా ఆ రెండు ముక్కల మీదే నిలబడింది. కళ్లారా చూసిన సాక్షి ఒక్కరూ లేరు.

జైలుకు వెళ్లి కలిస్తే, ఏ చేత్తో కొట్టాడో కూడా ఆయన సరిగ్గా చెప్పలేకపోయాడు. కుడి భుజం ఎప్పుడో పట్టేసింది, చెయ్యి ఛాతీ దాటి లేవదు.

"మరి తప్పు నాదని ఎందుకన్నవు బాపూ?" అన్నాను.

"ఇంటి పెద్దను గద బిడ్డా. మా తండాల, ఇంట్ల ఎవ్వలేం జేసినా పంచాయితీల లేసి నిలవడేది పెద్దోడే."

నేను ఎగిరి గంతేశాను. కేసు గెలిచే తాళంచెవి దొరికిందనే సంబరంలో, ఆ 'ఎవ్వలు' ఎవరో ఆలోచించలేదు. ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆయనా, కోడలూ, ఆమె చంటిబిడ్డా. కొడుకు పట్నంలో కూలికి పోయి ఉన్నాడు. ఇవన్నీ నా ఫైల్లోనే ఉన్నాయి. ప్రతి వాయిదాకూ కోడలు జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చేది. మామ వెంట వచ్చిన పోలీసులను బతిమాలి ఆయనకు తినిపించేది. తర్వాత బిడ్డను ఒళ్లో వేసుకుని వెనక బెంచీలో కూర్చునేది. నాకు కళ్లుండీ కనబడలేదు.

నాయక్ సాక్ష్యానికి వచ్చిన రోజు నేను బాగా పనిచేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"మీ తండాలో ఇంట్లో ఎవరు తప్పు చేసినా ఒప్పుకునేది ఇంటి పెద్దేనా?"

"అవునమ్మా. మా తాతల కాన్నుంచి గంతే."

"ఈయన కొట్టంగ నువ్వు చూసినవా?"

"సూడలే."

"కొట్టిన అని ఆయన అన్నడా?"

"తప్పు నాదన్నడు. కొట్టిన అనలే."

మూడు జవాబులూ కాగితం మీదికి ఎక్కాయి. అక్కడ కూర్చోవాలి. కూర్చోలేదు.

"అంటే ఆ ఇంట్లో ఇంకెవరో చేసిన తప్పును ఈయన మీదేసుకున్నడు. అంతేనా?"

నాయక్ మెల్లగా తల తిప్పి వెనక బెంచీ వైపు చూశాడు. ఆ చూపు వెంట ప్రభుత్వ వకీలు చూశాడు, పోలీసులు చూశారు, చివరికి జడ్జిగారూ కలం పట్టుకునే తలెత్తి చూశారు. కోడలు బిడ్డకు పాలిస్తూ అట్లాగే బిగుసుకుపోయింది. "ఈ ప్రశ్న వదిలేస్తున్నాను సర్" అన్నాను. ప్రశ్న కాగితం మీదికి ఎక్కలేదు. ఆ చూపులను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు. బోనులో ముసలాయన నన్నే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం వరండాలో నన్ను పిలిచాడు. "నన్ను ఇడిపియ్యకు బిడ్డా. నేను బయటికొస్తే ఇంకొకలు లోపటికి వోతరు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీదే, కానీ అరిచింది ఆయన మీద. ఏళ్లకేళ్లు పడతాయని, జైల్లోనే పోతావని బెదిరించాను. నేను సరిచేసుకుంటానని బతిమాలాను. "సాక్షుల మాటలు చదివి జడ్జిగారు నిజమా అని అడిగితే, ప్రతిదానికీ అబద్ధం అను, చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. "సరే బిడ్డా" అన్నాడు. కోడలు అక్కడే కూర్చుని రొట్టె తుంచుతోంది. ఆ సాయంత్రం ఏం జరిగిందని నేనామెను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

సాక్షులందరూ అయిపోయాక, ఎవరేం చెప్పారో జడ్జిగారు ముద్దాయికి చదివి వినిపించి, నిజమా అబద్ధమా అని అడుగుతారు. మొదటిదానికి ఆయన "నిజమే" అన్నాడు. రెండోదానికీ అదే మాట. నేను లేచి నిలబడ్డాను. ఆయన నా వైపు చూడనే లేదు. చివరికి జడ్జిగారు, "ఇంకేమైనా చెప్పుకునేదుందా?" అన్నారు.

ముసలాయన తలపాగా తీసి బోను కర్ర మీద పెట్టాడు.

"నేనే కొట్టిన సారూ. ఇంకెవ్వలు లేరు. గా దినం మా వకీలమ్మ ఏందో అడిగింది. చిన్నపిల్ల, ఎరుక లేక అడిగింది. మా ఇంటి పిల్లనే అనుకోన్రి. గా తప్పు సుత నాదే."

జడ్జిగారు మొదటి మాటలు స్టెనోకు చెప్పారు. ఆ చివరి మాటల దగ్గర నా వైపు చూసి, "అది రాయక్కర్లేదు" అన్నారు.

హఠాత్తుగా జరిగిన కొట్లాట అని నేను వాదించగా వాదించగా, కావాలని చేసిన హత్య కాదన్నారు, ఏడేళ్లు వేశారు. నేనిప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. కాటారం, రేగొండ నుంచి ఎవరైనా కాగితాలు పట్టుకొస్తే, వాటిని పక్కన పెట్టించి ముందు ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను. ఆ కేసు రికార్డులో ఆయన ఒప్పుకున్న తప్పు ఒక్కటే ఉంది. రాయక్కర్లేదన్న రెండోది నాది.