కడిగేసిన కొట్టం

పుంగనూరు పక్కన మా పల్లె. మా ఆవు ఆ ఊరి పేరున్న పొట్టిజాతిదే, దానికి తగ్గ పొగరు కూడా ఉండేది. ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా అది ఒకరోజు మేత నుంచి వచ్చి, కొట్టంలో తూలి పడి, నురగలు కక్కి, చూస్తుండగానే చచ్చిపోయింది. మేసి వచ్చింది మా పెదనాయన చేని గట్టున. ఆయన నాయనకు వరసకు అన్న. గట్టు తగాదాతో మా రెండిళ్ల మధ్యా అప్పటికే మాటలు అంతంతమాత్రం.

"మందు పెట్టినాడు," అన్నాడు నాయన. అంతే, ఇంట్లో అందరికీ అదే ఖాయమైపోయింది.

పశువుల డాక్టరు వచ్చేసరికి అవ్వ కొట్టమంతా కడిగి, పేడనీళ్లు చల్లి, అలికేసింది. నురగ లేదు, మిగిలిన మేత లేదు, తొట్టిలో నీళ్లు లేవు. అప్పటికే ఆవుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఉప్పేసి చేనిలో పూడ్చేశారు. కడుపులోది కొంచెం తీసి ల్యాబుకు పంపి ఉంటే సంగతి తెలిసేదని డాక్టరు అంటే, "లచ్చిమిని కోసేదేందప్పా?" అని అవ్వ ఆయన మీదికే లేచింది. చావు జరిగిన చోటును కడగకుండా వదలడం మా వైపు ఎవరి చేతా కాదు. అవ్వ మీద కోపం రాలేదు గానీ, ఆ తడి నేలను చూసి నాకు ఏడుపొచ్చింది.

ల్యాబు అన్న మాట నన్ను పట్టుకుంది. ఫోరెన్సిక్ సైన్స్ తప్ప ఇంకేదీ చదవనని తేల్చి చెప్పాను. పెదనాయనతో మాట్లాడటం మానేశాను.

ఇంటర్ అయ్యాక కుప్పంలో పెట్టిన కాలేజీల మేళాలో నాయనకు ఒక కాలేజీవాళ్లు రంగురంగుల పుస్తకం ఇచ్చారు. డిగ్రీ పేరులోనే ఫోరెన్సిక్ ఉంది. అట్ట మీద తెల్లకోటు పిల్ల భూతద్దంలోంచి మమ్మల్నే అనుమానంగా చూస్తోంది. నాయన మురిసిపోయాడు. ఆ కాలేజీ చూడటానికి పోయాం. ల్యాబు చూపించమంటే తాళంచెవి కోసం కాలేజీ అంతా వెతికారు. లోపల ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం, పసుపుపచ్చ టేపు, అట్టపెట్టెల్లోంచి ఇంకా బయటికి రాని మైక్రోస్కోపులు. పాఠాలు ఎవరు చెబుతారంటే "వస్తారు" అన్నారు.

"మొదటి కేసు ఈళ్ల మీదే పెట్టాల," అన్నాడు నాయన బస్సెక్కాక. ఆవు పోయాక మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

తర్వాత మదనపల్లెలో టమోటా లారీలను తప్పించుకుంటూ ఇంకో డిగ్రీ కాలేజీకి పోయాం. అక్కడ ఫోరెన్సిక్ అన్న బోర్డే లేదు. కెమిస్ట్రీ ల్యాబులో బల్లలన్నీ యాసిడ్ మచ్చలు. పిల్లలు తలెత్తకుండా పని చేస్తున్నారు. అక్కడి మేడం మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది.

"ఏ పని చేయాలనుకుంటాండావో ముందు తేల్చుకో. వేలిముద్రలా, కంప్యూటర్లా, విషాలా? విషాలంటే కెమిస్ట్రీ గట్టిగా రావాల. ఫోరెన్సిక్ పీజీలో తీసుకోవచ్చు. ఉద్యోగ ప్రకటనల్లో ఏ డిగ్రీ అడుగుతాండారో సూడు. ఏ కాలేజీకి పోయినా ల్యాబులో ఎంతసేపు పని చేయిస్తారో అడుగు." కాస్త ఆగి, "అయినా యాలమ్మా నీకీ చదువు?" అంది.

"మా ఆవుకు మందు పెట్టినోళ్లను పట్టిచ్చేదానికి."

ఆవిడ కథంతా విని, అప్పుడు వానలు పడ్డాయా అని అడిగింది. లేదన్నాను. గట్టున జొన్న ఉందా అని అడిగింది. ఉందని చెప్పి నాయన తల దించుకున్నాడు. కోసిన జొన్న మోళ్లకు వచ్చే చిగురును మా వైపు నాము అంటారు. వానల్లేనప్పుడు అది తింటే పశువు బతకదని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మాకూ తెలుసు. కోపంలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు.

"నామేనని నేను చెప్పలేను. మందేనని నువ్వూ చెప్పలేవు. పరీక్షలో మీ పెదనాయన తప్పేమీ లేదని వచ్చింటే, ఆ రిపోర్టు మీద సంతకం పెట్టింటావా? ఇంటికి పోయి ఆలోచించుకో. చేరేదానికి ఇంకా గడువుండాది."

దారి పొడుగునా సిగ్గుతో కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

గడువు లోపలే పోయి చేరాను. తిరిగొచ్చేటప్పుడు పుంగనూరు బస్టాండులో పెదనాయన దాణా సంచితో బెంచీ మీద కనిపించాడు. మామూలుగా అయితే దూరంగా నిలబడేదాన్ని. ఆ రోజు దగ్గరికి పోయాను.

"పెదనాయనా, మదనపల్లెలో కెమిస్ట్రీలో చేరినా."

ఆయన నా వైపు చూడలేదు. "మీ ఆవు ఎట్ల సచ్చిందో చెప్పొచ్చునా, ఆ చదువుతో?"

"లేదు పెదనాయనా. పరీక్ష చేసేదానికి ఏమీ మిగల్లేదు. ఎట్ల సచ్చిందో నాకు తెలీదు. ఇంగ ఎవురికీ తెలీదు."

ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"మీ ఇంట్లో తెలీదు అనింది నువ్వొక్కదానివేమ్మా," అని, సంచి తీసి కింద పెట్టి, బెంచీ మీద నాకు చోటిచ్చాడు.