కొసరు

పోయినవి ముందు చెబుతాను. ఏడు టార్పాలిన్ పట్టా పందిళ్లు, రెండు కాటాలు, ముప్పై రెండు బుధవారాలు నడిచిన సంత, ఎస్తేరమ్మక్క. నిన్న నందిగామ కొట్లో కాటా ఐదువందల ఐదు గ్రాములు చూపించగానే కొట్టతను ఒక పచ్చిమిరపకాయ వెనక్కి తీశాడు. తొడిమ విరిగి ఘాటు ముక్కుకి తగిలింది. ఇవన్నీ మళ్లీ లెక్కకొచ్చాయి.

పెనుగంచిప్రోలు అవతల మా కాలనీ చుట్టూ పత్తి, మిర్చి. కూరకి మాత్రం జగ్గయ్యపేట ఆటో ఎక్కాల్సిందే. వంకాయలకంటే ఆటోకే ఎక్కువవుతోందని ఎస్తేరమ్మక్క నవ్వేది. కౌలుకి తీసుకున్న అరెకరంలో కూరగాయలు వేసేది. ఆవిడే మరో ఆరుగురు రైతుల ఇళ్లకి తిరిగి ఒప్పించి, చర్చి ముందు ఖాళీ జాగాలో సంత పెట్టించింది. నేను ఏడో తరగతితో బడి మానేసి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. "కాటా నువ్వు పట్టు తమ్ముడూ" అంది. నా లెక్కని ఒకరు నమ్మడం అదే మొదలు.

తూకం అయ్యాక ఆవిడ ఒక గుప్పెడు కొసరు వేసేది. చూసి మిగతావాళ్లూ వేసేవారు. వారానికి తొంభై తూకాలు, తూకానికి యాభై గ్రాముల చొప్పున ఏడాదికి రెండువందల ముప్పై నాలుగు కిలోలు ఊరికే పోతున్నాయని నేను లెక్క తీసి చూపించాను. రైతులు ఔనన్నారు.

"అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కానీ జనం కాటాని చూట్టం మానేసి మన మొహం చూసేది అప్పుడే" అంది అక్క. అయినా అందరి మాటా కాదనలేదు.

కొసరు ఆపేసిన మొదటి బుధవారం ఒక ముసలావిడ తూకమయ్యాక కూడా సంచి మూతి తెరిచి పట్టుకునే నిలబడింది.

"అంతేనా అబ్బాయ్?"

"అంతే పిన్నీ. అరకిలో అంటే అరకిలోనే."

"అయితే పేటకే పోతాంలే. ఆటో షికారన్నా ఉంటది."

ఆ బుధవారం తూకాలు తొంభై రెండు, మరుసటి వారం ఎనభైకి పడ్డాయి. తర్వాత యాభై ఎనిమిది, నలభై ఒకటి, ఇరవై ఐదు, పద్నాలుగు. ఏడో బుధవారం అక్క బుట్ట ఒక్కటే వచ్చింది. ఎందుకిలా అయిందని రైతులు అడిగితే, ఎండలు ముదిరాయి కదా అని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. తర్వాత కౌలు వదిలేసి మిరపకోతకి కూలికెళ్లింది. మరుసటి వానల్లో జ్వరంతో పోయింది. తప్పు నాదేనని ఆవిడతో ఒక్కసారైనా అనలేకపోయాను.

ఇప్పటికీ ఏ కొట్లోనైనా తూకమయ్యాక నా చెయ్యి సంచి మూతిని కాసేపు తెరిచే ఉంచుతుంది. ఆ ఆరు వారాల తూకాలు మూడువందల పది. తూకానికి యాభై గ్రాములు. మా కాలనీకి నేను బాకీ పదిహేనున్నర కిలోలు.