సముద్రం ఎంత దూరమని అడిగారు

మొన్న ఏప్రిల్లో, ఇంటర్ పరీక్షలు అయిపోగానే, నేను దివిసీమకు వెళ్ళివచ్చాను. సరదా ప్రయాణం కాదు. చేతిసంచిలో మూడు ఎయిర్‌మెయిల్ కవర్లు పెట్టుకుని వెళ్ళాను. రెండు నావి. ఒకటి స్కాట్లండులో సముద్రపుటొడ్డున ఉన్న యూనివర్సిటీ పంపింది, ఇంకొకటి కెనడా నుంచి వచ్చింది. రెండు చోట్లా ఇంజనీరింగులో సీటు ఇస్తామన్నారు. వచ్చేదీ రానిదీ మే నెలాఖరులోగా చెప్పమన్నారు.

మూడో కవరు నా స్నేహితుడు సుందరరావుది. అదీ స్కాట్లండు నుంచే. వాళ్ళ ఊరికి ఉత్తరం వెళ్ళేసరికి పుణ్యకాలం గడిచిపోతుందని వాడు దరఖాస్తులో బెజవాడ పటమటలోని మా ఇంటి అడ్రసు ఇచ్చాడు. మా ఇద్దరి దరఖాస్తులూ వాడి మిషను హాస్టల్లో ఒకే బల్ల మీద కూర్చుని నింపాం. స్కాట్లండు వాడి ఎంపిక. రేవుల గురించీ సముద్రపు కట్టల గురించీ అక్కడ బాగా చెబుతారని హాస్టలు వార్డెను చెప్పారట. "మా ఊరి కరకట్ట కట్టినవాడికి మట్టి తెలుసు గాని సముద్రం తెలీదురా. నేను తెలుసుకుని వస్తా," అనేవాడు. నాకు కట్టల మీద అంత ప్రేమ లేదు. వాడు వెళ్తున్నాడు కాబట్టి నేనూ పెట్టాను. కెనడాకు మాత్రం మా మేనమామ చెప్పాడని పెట్టాను.

సుందరం రెండు వారాలకోసారి బియ్యం తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళేవాడు. నవంబరులో ఉప్పెన వచ్చిన శనివారం వాడు ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ళమ్మ గారి శవం దొరికింది. వాడిది దొరకలేదు. వాడు పోయాడని నాకూ తెలుసు, మా క్లాసంతటికీ తెలుసు. కానీ ఆ మాట పైకి అన్నవాళ్ళు లేరు.

ఆ కవరు వచ్చిన రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. స్కాట్లండుకు వెళ్తే వాడి మాట నిలబెట్టినట్టవుతుందని ఒక పూట అనిపించేది. వాడు లేకుండా వాడి కలలోకి నేనొక్కణ్ణే దూరడం దొంగతనమని ఇంకో పూట అనిపించేది. మా నాన్నకు ఆటోనగర్లో లేతు షెడ్డు ఉంది. ఆయన్ని అడిగితే, "ఏ దేశమైతే ఏముందిరా, లేతు ఎక్కడైనా ఒకవైపే తిరుగుతుంది," అన్నాడు. మా నాన్న సలహాలన్నీ ఇలాగే ఉంటాయి, వినడానికి బాగుంటాయి, పనికి రావు. ముందు ఆ కవరు సుందరం వాళ్ళ నాన్న దావీదు మాస్టారికి ఇచ్చి, ఆ తర్వాత తేల్చుకుందామనుకున్నాను.

తెల్లవారుజామున బయలుదేరుతుంటే అమ్మ గుమ్మంలో ఆపింది. "చావు ఇంటికి వెళ్తున్నావు. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టకు. తిరిగొచ్చాక లోపలికి రాకుండా పెరట్లోకి వెళ్ళు, నీళ్ళు తోడి పెడతాను." మా ఇళ్ళలో ఇది పద్ధతి. చావు జరిగిన ఇంటికి ఎన్ని నెలల తర్వాత మొదటిసారి వెళ్ళినా అక్కడ ఏమీ పుచ్చుకోకూడదు, వచ్చి తలస్నానం చేశాకే గడప దాటాలి. నేను తలూపాను.

అవనిగడ్డ బస్సు ఆరుంబావుకని బోర్డు మీద ఉంది. ఆరున్నర దాటాక కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది. బెంజి సర్కిల్ దాటి, కంకిపాడు మీదుగా ఉయ్యూరు వచ్చేసరికి చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సంతా నిండింది. పామర్రులో పావుగంట ఆపారు. అక్కడి ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళలా ఉంది గాని ఇడ్లీ వేడిగా ఉంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు పామర్రులోనే కడుపు నింపుకోవడం మంచిది, ఆ తర్వాత ఏం దొరుకుతుందో చెప్పలేం.

పామర్రులో నా పక్కన ఒక ముసలావిడ ఎక్కింది. ఒళ్ళో కొత్త అల్యూమినియం డేగిసా పెట్టుకుంది. టికెట్టు తీసుకున్నాక నా వంక తిరిగింది.

"ఎవరి తాలూకు బాబూ?"

"మాది బెజవాడేనండీ. కోడూరు దగ్గర స్నేహితుడి ఇంటికి వెళ్తున్నాను."

"ఎవరన్నా పోయారా వాళ్ళింట్లో?"

మామూలుగా బస్సులో పంటలెలా ఉన్నాయని అడుగుతారు. ఆ బస్సులో అందరూ అందరినీ ఇదే అడుగుతున్నారు. "స్నేహితుడు కనపడలేదండీ," అన్నాను.

"మా మరిదీ అంతే," అందావిడ. "బందరు ఆస్పత్రిలో చూశామని ఒకళ్ళూ, రేపల్లెలో తిరుగుతున్నాడని ఒకళ్ళూ. మా తోటికోడలు ఇంకా బొట్టు తియ్యలేదు. ఎవరు చెబుతారు దానికి?" తర్వాత డేగిసా మూత సర్దుకుని నిద్రపోయింది.

చల్లపల్లి వరకూ ఊళ్ళు ఊళ్ళలాగే ఉన్నాయి. మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర నది పాయ మీదుగా సీమలోకి దిగాక తీరు మారింది. తాటిచెట్లకు తలల్లేవు. పాకలకు పాత ఆకు లేదు, అంతా కొత్త ఆకే. కొత్త ఇళ్ళను చూస్తే ఎక్కడైనా సంతోషం కలగాలి, ఇక్కడ కలగలేదు. అవనిగడ్డలో దిగేసరికి తొమ్మిది దాటింది. కోడూరు బస్సు కోసం గంటపైగా నిలబడ్డాను. కోడూరు నుంచి మాస్టారి ఊరికి బస్సు లేదు, కరకట్ట పక్కనే నడవాలి. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళలేదు. అక్కడి బావుల్లోకి సముద్రం ఎక్కింది, ఆ నీళ్ళు ఇంకా నోట పెట్టేలా లేవు. పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. సుందరం చెప్పిన కట్ట చాలాచోట్ల తెగి ఉంది, కొత్త మట్టి పోస్తున్నారు. ఆ మట్టిని చూస్తుంటే వాడు గుర్తొచ్చాడు.

దావీదు మాస్టారు మిషను స్కూల్లో పిల్లలకు అక్షరాలు నేర్పిన మనిషి. స్కూలుకు గోడలు మిగిలాయి, కప్పు లేదు. ఆ గోడకు ఆనించి టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నారు. నన్ను ఇంతకు ముందు ఒక్కసారే చూశారు, హాస్టలుకు వచ్చినప్పుడు. అయినా గుర్తుపట్టారు.

"రంగారావువి కదూ. ఎండలో వచ్చావు బాబూ, కూర్చో."

నులకమంచం వాల్చి, మూలనున్న బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. ఆ నీళ్ళు లారీలో వస్తాయట, మనిషికి ఇంతని పోస్తారట. నా గొంతు ఎండిపోయి ఉంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. అయినా చెయ్యి చాచబోయే సమయానికి అమ్మ మాట అడ్డొచ్చింది.

"వద్దండీ మాస్టారూ. దాహం లేదు."

ఆయన నా చొక్కా వంక చూశారు. గ్లాసు కింద పెట్టారు. కోపం లేదు ఆ ముఖంలో, అలవాటైన నొప్పి ఏదో ఉంది.

"పర్లేదులే బాబూ. మీ ఇంట్లో మావాడు చాలాసార్లు తిన్నాడు. తిన్న కంచం తనే కడుక్కునేవాడినని చెప్పాడు. తప్పు పట్టి చెప్పలేదు, ఊరికే చెప్పాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. కంచం కడగమని మా అమ్మ వాడికి ఎప్పుడూ చెప్పలేదు. కడగొద్దనీ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ చూస్తూ ఊరుకున్నాను. కానీ ఇప్పుడు నీళ్ళు వద్దన్నది కులం చూసి కాదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలంటే అసలు కారణం చెప్పాలి. నేను వచ్చింది సుందరం కోసం, కాబట్టి ఆ కారణం చెప్పడమంటే, ఇన్ని నెలలుగా ఆయనతో ఎవరూ అనని మాట నేను అనడమే. ఊరుకుంటే ఒక అవమానం, చెబితే ఒక చావు. నాకు ఏడుపొచ్చింది.

"అది కాదండీ. మీరు అనుకున్నది కాదు. చావు జరిగిన ఇంట్లో ఏమీ పుచ్చుకోవద్దని మా అమ్మ..."

అక్కడ ఆగిపోయాను. బయట మట్టి మోసేవాళ్ళ కేకలు వినపడుతున్నాయి.

"వాళ్ళమ్మకి ఆదరణ కూటం పెట్టి ప్రార్థన చేశారు," అన్నారు చివరికి. "వాడికీ పెడదామని పాస్టరు గారు మూడుసార్లు వచ్చారు. నేనే ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళంతా, ఎక్కడో ఉండే ఉంటాడు మాస్టారూ అంటారు. అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోతారు." కాస్త ఆగి అన్నారు, "చావు ఇల్లే బాబూ ఇది. మీ అమ్మగారు సరిగ్గానే చెప్పారు."

నేను గ్లాసు తీసుకుని గడగడా తాగేశాను. నీళ్ళు కాస్త ఉప్పగానే ఉన్నాయి. ఇంకో గ్లాసు పోశారు. అదీ తాగాను.

అప్పుడు కవరు తీసి ఇచ్చాను. పైన టైపు చేసి ఉన్న కొడుకు పేరును ఆయన వేలితో చదివారు. లోపలి సంగతి తెలుగులో చెప్పమంటే చెప్పాను. సీటు ఇచ్చారని, ఫీజు లేదని, సెప్టెంబరులో రమ్మన్నారని.

"ఆ కాలేజీకి సముద్రం ఎంత దూరం?"

"ఒడ్డు మీదేనండీ. హాస్టలు కిటికీలోంచి కనపడుతుందట. సుందరం ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాడు."

మాస్టారు తలూపారు. "జవాబు రాయాలా?"

"రాయకపోయినా ఫర్వాలేదండీ. గడువు దాటితే వాళ్ళే పేరు కొట్టేస్తారు."

"కొట్టేయడం దేనికి? వాళ్ళు మర్యాదగా అడిగారు. మనమూ మర్యాదగా చెప్పాలి. నువ్వు రాయి, నేను చెబుతాను."

సంచిలోంచి కాగితం తీశాను. ఆయన పిల్లలకు డిక్టేషను చెప్పినట్టే ఒక్కో మాటా నిలిపి చెప్పారు. నేను ఇంగ్లీషులో పెట్టుకుంటూ రాశాను. అయ్యా, మీరు మా అబ్బాయికి సీటు ఇచ్చినందుకు కృతజ్ఞులం. మా అబ్బాయి సుందరరావు రాడు. అక్కడ ఆగారు. కారణం రాయమంటారా అని నేను అడగలేదు. ఆయనే అన్నారు, "నవంబరులో సముద్రం వచ్చినప్పుడు చనిపోయాడు అని రాయి." కింద తెలుగులో సంతకం చేశారు. ఆ గుండ్రటి అక్షరాలు అచ్చం సుందరం అక్షరాల్లాగే ఉన్నాయి. సంతకం అయ్యాక తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేను పక్కన కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం ఆయనే అన్నం వండారు. చింతకాయ పచ్చడీ మజ్జిగా వేసుకుని కడుపునిండా తిన్నాను. తిన్న కంచం నేనే కడిగాను. ఆయన వద్దనలేదు.

బయలుదేరుతుంటే అడిగారు. "నీకూ అక్కడే వచ్చిందా సీటు?"

"వచ్చిందండీ. కెనడాలో ఇంకోటి కూడా వచ్చింది. ఎటు వెళ్ళాలో తేలడం లేదు."

"కెనడాలో సముద్రం ఎంత దూరం?"

"ఆ ఊరు దేశానికి నడిమధ్యలో ఉందండీ. ఎటు వెళ్ళినా రైల్లో రెండు రోజులు పడుతుందట."

"అయితే అక్కడికి వెళ్ళు."

సుందరానికి ఏది ఇష్టమో, అక్కడ చదువెలా ఉంటుందో చెప్పబోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "కట్టలు కట్టేవాళ్ళు ఎవరో ఒకరు కడతారులే బాబూ. నువ్వు అక్కడికి వెళ్ళు." తర్వాత కరకట్ట దాకా నాతో నడిచి వచ్చారు. ఆదివారం కూటం పెట్టమని పాస్టరు గారికి కబురు చేస్తానన్నారు.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గవేమీ జరగలేదు. అవనిగడ్డలో బస్సు వెంటనే దొరికింది, సీటు దొరకలేదు. చల్లపల్లి దాకా నిలబడ్డాను. సీటు దొరికాక ఒళ్ళో సంచి పెట్టుకుని, కుదుపుల్లోనే నా ఉత్తరం కూడా రాశాను. సీటు ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి, నేను రావడం లేదు, అని. నాకు చెప్పుకోవడానికి కారణం లేదు. ఉన్నది ఇంగ్లీషులో రాయడం నాకు చేతకాలేదు.

బెజవాడలో దిగి నేరుగా రైల్వే స్టేషను దగ్గరున్న పోస్టాఫీసుకు వెళ్ళాను. రెండు ఉత్తరాలూ ఒకే కవరులో పెట్టాను. గుమాస్తా తూకం వేసి, "రెండు ఉత్తరాలు ఒకే కవర్లో పెట్టారే, బరువెక్కిందిగా," అన్నాడు. "ఇద్దరిదీ ఒకే మాటండీ," అన్నాను. కలిసి వెళ్దామనుకున్న చోటికి ఇద్దరమూ రావడం లేదని కలిసే చెప్పాం.

దివిసీమ ఎలా ఉందని ఇప్పుడు ఎవరైనా అడిగితే, మళ్ళీ ఇళ్ళు లేస్తున్నాయని చెబుతాను. అది నిజమే. ఇంతకంటే ఎక్కువ చెప్పడం నాకు రాదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. అమ్మ చెప్పినట్టే పెరట్లో గంగాళం నిండా నీళ్ళు తోడి ఉన్నాయి. "అక్కడేం ముట్టలేదుగా?" అంది.

"నీళ్ళు తాగాను. అన్నం తిన్నాను."

అమ్మ నా ముఖం చూసింది. తువ్వాలు తీగ మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను చొక్కా విప్పి, తల మీద నుంచి చెంబు తర్వాత చెంబు పోసుకున్నాను. నవంబరులో వాడి కోసం ఎవరూ చెయ్యని స్నానం అది. నీళ్ళు అయిపోయేదాకా చేశాను.