చీటీలో రెండో గోలీ

మా చేవెళ్ల వైపు ఏ దవాఖానకు వెళ్లినా చీటీలో రెండో గోలీ గ్యాస్‌ది. జ్వరానికి వెళ్తే జ్వరం గోలీ, దాని కింద గ్యాస్ గోలీ. మోకాలికి వెళ్తే నొప్పి గోలీ, దాని కింద గ్యాస్ గోలీ. కుక్క కరిచిందని వెళ్లిన మా పక్కింటాయనకు కూడా రాశారు. డాక్టర్లను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. వాళ్లు ఎప్పుడైనా మరిచిపోతే "గ్యాస్‌కు రాయకపోతిరి సార్" అని మనమే గుర్తు చేస్తాం. పొద్దున్నే పళ్లు తోముకుని, పరగడుపున ఆ గోలీ మింగి, ఆ తర్వాత చాయ్ తాగే మనుషులు మా వీధిలో ఇంటికొకరున్నారు. ఎందుకు మింగుతున్నారని అడిగితే, మింగకపోతే గ్యాస్ వస్తుందంటారు. నేనూ వాళ్లలో ఒకదాన్నే కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వుతాను.

నేను బడికి వెళ్లలేదు. పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడితే మా బాపు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు నేర్పాడు. ఆయన చేవెళ్ల కోర్టులో నకళ్లు రాసేవాడు. ఇంటికి తెచ్చిన చిత్తు కాగితాలే నా పాఠాలు. తెలియని మాట వస్తే నిఘంటువు తీయకుండా పుట తిప్పనిచ్చేవాడు కాదు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని మరీ మరీ చెప్పేవాడు. "మామూలుగ ఎవ్వడు చదువడు బిడ్డ. దస్తకత్ పెట్టుమంటె గప్పుడు కండ్లు తెరుస్తడు" అని నవ్వేవాడు. కోర్టు వరండాలో ఏళ్ల తరబడి చూసిన మనుషుల గురించి ఆయన అన్న మాట అది. ఆ మాట నాకు ఒక అద్దాల దవాఖానలో పనికొస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

దండం పెట్టడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు, అది పుట్టుకతో వచ్చిందేమో. దేవుడికి సరే, బస్సు ఆపిన డ్రైవరుకు, నల్లా నీళ్లు వదిలిన మనిషికి, కూరగాయలు ఒక గుప్పెడు ఎక్కువ వేసిన అమ్మకు, అందరికీ చేతులు జోడించేదాన్ని. నా చిన్నతనంలో ఊరూరా తిరిగి సూదులు వేసే పల్లె డాక్టరు ఒకడుండేవాడు. వీధి మొత్తానికీ ఒకటే సూది. ఒకరికి గుచ్చి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, ఇంకొకరికి గుచ్చేవాడు. ఆయనకూ దండం పెట్టి ఇంటికి వచ్చేదాన్ని. ఆయన ఇప్పుడు లేడు. ఉంటే ఒక్కటే అడిగేదాన్ని, నీళ్లు మరిగేదాకా ఆగలేనంత తొందర నీకేం వచ్చిందయ్యా అని.

కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన రక్త పరీక్షలో నా జబ్బు బయటపడింది. హెపటైటిస్ సి, రక్తంలోంచి సోకి లివర్‌ను పాడుచేసే వైరస్. కంటి దవాఖానలో నర్సు నన్ను వరుసలోంచి లేపి దూరంగా ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎందుకని అడిగితే "లివర్ డాక్టర్ కాడికి పోవాలె" అంది తప్ప ఇంకో మాట చెప్పలేదు. అక్కడి నుంచి మొయినాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు పంపారు.

ఆ దవాఖాన రోడ్డు మీదే ఉంది, రెండు ఫంక్షన్ హాళ్ల మధ్య. ఇరుగుపొరుగు ప్రభావం కావచ్చు, దానికీ వాటికీ పెద్ద తేడా కనిపించదు. ముందు పూల కుండీలు, లోపల చల్లగాలి, వచ్చినవాళ్లను వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరినే లోపలికి పంపడం. గోడ మీద పెద్ద అక్షరాలతో "మీ ఆరోగ్యం, మా ఆరాధన" అని రాసి ఉంది. ఆరాధన నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా రోజూ చేస్తున్నాను. అందులో అవతలివాళ్ల ముఖం చూడకపోవడం అనేది లేదు.

డాక్టరు కుర్రవాడు. ఫోన్ చూస్తూ నా రిపోర్టు చూశాడో, రిపోర్టు చూస్తూ ఫోన్ చూశాడో చెప్పలేను. "భయపడక్కర్లేదమ్మా. రోజుకొక ట్యాబ్లెట్, పన్నెండు వారాలు. వైరస్ పోతుంది" అన్నాడు. ఇంకేం మందులు వాడుతున్నారని అడగలేదు. కడుపులో మంట ఉందా అని అడగలేదు. చీటీలో మొదట లివర్ గోలీ రాశాడు, దాని కింద గ్యాస్ గోలీ రాశాడు. నేను కళ్లనీళ్లతో రెండు చేతులూ జోడించాను. పోయే ప్రాణాన్ని నిలబెట్టే గోలీ ఈ కాలంలో పుట్టినందుకు, అది నా దాకా వచ్చినందుకు దేవుడికి పెట్టాల్సిన దండం అది. అలవాటు కొద్దీ ఆయనకు పెట్టాను.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. మందు డబ్బాను ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. సీసా బయటికి తీసి, డబ్బాకూ దానిలోని మడతల కాగితానికీ కుంకుమ బొట్టు పెట్టి, దీపం పక్కన అలాగే ఉంచేశాను. బాపు చేతికింద అన్నేళ్లు చదివిన నేను, చదవాల్సిన కాగితానికి బొట్టు పెట్టి పూజ చేశాను. రోజూ పొద్దున గ్యాస్ గోలీ, చాయ్, టిఫిన్, ఆ తర్వాత దండం పెట్టి లివర్ గోలీ. పదకొండు రోజులు ఇలాగే గడిచాయి.

ఈ మధ్యలో మా ఆడబిడ్డ శంకర్‌పల్లి నుంచి వచ్చింది. లివర్ అన్న మాట చెవిన పడితే చాలు, మావాళ్లకు కామెర్లు తప్ప ఇంకో జబ్బు తోచదు. ఒక సీసాలో పసరు తెచ్చింది. తాగే ముందు మూడు రోజులు ఉప్పు, కారం, నూనె మానేయాలట.

"ఒక్క సూది లేదు, ఒక్క గ్లూకోజ్ సీస లేదు. ఉత్త గోలీతోని లివర్ బాగైతదా వదినె?" అంది.

"బాగైతదనే చెప్పిండ్రు."

"చెప్తరు. మా దాయాది పాలోళ్లాయినె గీ పసరుతోనే లేచి కూసున్నడు."

"ఆయినెకు కామెర్లు. నాది వేరే."

"అన్నీ లివరే గద వదినె."

ఇంత ప్రేమగా మాట్లాడిన మనిషి నేను ఇచ్చిన చాయ్ మాత్రం తాగలేదు. మా వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తీసి, దాని మీద మేకుతో గీత గీసి, "నీది గిదే ఉంచుకో వదినె, పిల్లలుంటరు ఇంట్ల" అంది. మా ఇంట్లో పిల్లలే లేరు. ఒకే గ్లాసులో తాగితే ఈ జబ్బు అంటదు, రక్తం నుంచే వస్తుంది. చెప్పాను. వినలేదు. పసరును గేటు పక్కన కరివేప చెట్టుకు పోశాను. చెట్టుకు ఏమీ కాలేదు, మేలు కూడా కాలేదు.

పదో రోజు గురువారం. మర్నాటి పూజకు దేవుడి గూడు కడుగుతుంటే డబ్బాలోని కాగితం జారి కింద పడింది. విప్పితే నా చీర కొంగంత ఉంది, అన్నీ చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. బాపు నిఘంటువు తీసి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం సగం, మరునాటి మధ్యాహ్నం సగం పట్టింది. మూడో మడతలో, నేను పెట్టిన కుంకుమ బొట్టుకు రెండు వేళ్ల కింద, ఆ మాట ఉంది. కడుపులో ఆమ్లం తగ్గించే మందులతో కలిపి దీన్ని వేసుకోవద్దు. వేసుకుంటే ఈ మందు ఒంటికి సరిగా పట్టదు, పని చేయకుండా పోవచ్చు.

ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

గ్యాస్ గోలీల అట్ట, ఆ కాగితం తీసుకుని మందుల దుకాణానికి వెళ్లాను.

"ఇది కడుపుల ఆమ్లం తగ్గిస్తదా అన్న?"

"గందుకే గదక్క గ్యాస్ గోలీ అంటరు."

"మరి లివర్ మందుతోని ఇయ్యొద్దని గీ కాగితంల రాసిండ్రు."

దుకాణం ఆయన కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "గా కాగితాలల్ల అన్నీ రాస్తరక్క. గవి చదివితె నువ్వు నీళ్లు గూడ తాగవు."

"నువ్వు చదివినవా?"

"నేనెందుకు చదువుత? అమ్మెటోణ్ణి."

నిజం చెప్పే మనిషి ఒక్కడైనా దొరికాడని ఆయనకు కూడా లోపల్లోపల కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ రోజు నుంచే గ్యాస్ గోలీ మానేశాను. మొయినాబాద్ వెళ్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు.

"పెద్ద డాక్టర్. కోపమొస్తె రేపు మంచిగ రాస్తడా?"

"ఇయ్యాల మంచిగ రాసిండా మరి?"

ఆయన బండి తీశాడు.

డాక్టరు నన్ను చూసి ముందు క్యాలెండర్ వైపు చూశాడు. "నెలకి కదమ్మా రమ్మన్నాను. ఇప్పుడేంటి?"

కాగితం బల్ల మీద పరిచాను. "సార్, నా చీటీల రెండు గోలీలు ఉన్నయి. రెండు కలిపి వేసుకోవచ్చునా?"

"యూట్యూబ్ చూశారా?"

"లేదు సార్. మీరు రాసిన మందు డబ్బలనే ఉన్నది."

"ఇవి పేషెంట్లు చదవడానికి కాదమ్మా. మీరేం చదువుకున్నారు?"

"బడికి పోలేదు సార్."

ఆయన మా ఆయన వైపు తిరిగి, "ఇంట్లో కూడా ఇంతేనా సార్?" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. వైరస్ సంగతి ఏమో గానీ, ఆ నవ్వు ఇంకా నా ఒంట్లోంచి పూర్తిగా పోలేదు.

"గ్యాస్ ట్యాబ్లెట్ అందరికీ రాస్తాం. ఏం కాదు. వెళ్లండి" అని డాక్టరు బెల్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. తర్వాతి పేషెంటు తల లోపలికి పెట్టాడు. నేను లేవలేదు. నా కాలితో లేవడానికి ఎలాగూ సమయం పడుతుంది, ఆ రోజు ఇంకాస్త ఎక్కువ తీసుకున్నాను.

"ఏం కాదంటె మంచిదే సార్. గదే చీటీ మీద రాసియ్యండి. ఈ రెండు కలిపి వేసుకోవచ్చు, లివర్ మందు పని తగ్గది అని. కింద దస్తకత్ పెట్టండి."

నా పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టాను.

డాక్టరు పెన్ను చూశాడు. చీటీ చూశాడు. ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నా ముఖం చూశాడు. తర్వాతి పేషెంటును బయట ఉండమన్నాడు. "ఎక్కడుంది అది?" అని అడిగాడు. పెన్సిలుతో గీత గీసిన చోటు చూపించాను. చదివాడు. ఫోన్ తీసి మళ్లీ ఏదో చదివాడు. బాపు చెప్పిన కళ్లు తెరవడం నేను అప్పుడు కళ్లారా చూశాను. అంత చదువుకున్న మనిషికి చదవడానికి కావాల్సింది ఒక సంతకం భయం మాత్రమే.

రెండో గోలీ మీద అడ్డంగా గీత కొట్టాడు. "సరే, ఇది ఆపేయండి. మీకు గ్యాస్ ప్రాబ్లమ్ పెద్దగా లేదు కదా."

"ఉన్నదని నేనెప్పుడు చెప్పిన సార్?"

ఆయన చీటీని నా వైపు జరిపాడు.

"పోయిన పదకొండు రోజుల సంగతి ఏంది?"

"ఏం కాదమ్మా."

"గది గూడ రాసియ్యండి సార్."

అప్పుడు పై డాక్టరుకు ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడు. "పేషెంట్ గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుంది" అన్నాడు. తాను రాశానని అనలేదు. పెట్టేశాక చెప్పాడు, ఒక్క రోజు కూడా తప్పకుండా మిగతా గోలీలు వేసుకోవాలి, మందు అయిపోయిన మూడు నెలలకు రక్తం పరీక్ష చేయాలి, వైరస్ పోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది, పోకపోతే వేరే మందులు మళ్లీ మొదలుపెట్టాలి. అన్నీ చీటీ మీద రాయించుకుని సంతకం తీసుకున్నాను. బయట మా ఆయన "నీతోని ఎట్లనే" అన్నాడు.

మిగిలిన గోలీలు ఒక్కటీ తప్పలేదు. ప్రతి గోలీనీ దేవుడి ముందు పెట్టి, చదివి, మింగాను. ఈసారి సీసా మీద ఉన్న మాటలు కూడా చదివాను. మందు అయిపోయాక మూడు నెలలు ఆ పదకొండు రోజులే మెడకు కట్టిన రాయిలా ఉండేవి. పూలు గుచ్చుతున్నా, అన్నం వారుస్తున్నా అవే. దేవుణ్ణి నయం చేయమని అడగలేదు, అది అప్పటికే అడిగేశాను. మనుషుల అజాగ్రత్తను నా లెక్కలో వేయొద్దని మాత్రం అడిగాను. గీత ఉన్న గ్లాసులోనే మా ఆడబిడ్డకు మజ్జిగ ఇచ్చాను, చూసుకోకుండా తాగింది. ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉంది.

పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు దవాఖాన కుర్చీలోనే కూర్చుని చదివాను. వైరస్ కనబడలేదు. మళ్లీ చదివాను. కళ్లు తుడుచుకుని, ఇంకోసారి చదివాను.

డాక్టరు కాగితం చూసి, "చెప్పాను కదమ్మా, పోతుందని" అన్నాడు. ఏడాదికోసారి వచ్చి లివర్ చూపించుకోమన్నాడు. అది మంచి మాట, రాసి ఇమ్మన్నాను. రాశాడు. దాని కింద బలానికి ఒక గోలీ రాశాడు. దాని కింద చెయ్యి ఆగకుండా ఇంకొకటి రాశాడు.

చీటీ తిప్పి ఆయన వైపు జరిపాను. "సార్, గా రెండోది."

ఆయన తలెత్తలేదు. ఫోన్ చూస్తూనే దాని మీద గీత కొట్టి చీటీ ఇచ్చాడు. బయట వరుసలో పదిమంది ఉన్నారు, అందరి చేతుల్లోనూ పాత చీటీలు. దగ్గరగా కూర్చున్న ఇద్దరి చీటీలు అడిగి చూశాను. రెండింట్లోనూ రెండో గోలీ అదే. ఆ ఇద్దరికీ లివర్ మందు లేదు కాబట్టి ఊరుకున్నాను. మీరేం వాడుతున్నారో లోపల చెప్పండి, ఆయన అడగడు, అని మాత్రం చెప్పాను.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక చేతులు జోడించాను. దేవుడికి, ఆ మందు కనిపెట్టినవాళ్లకు, చీమల్లాంటి అక్షరాలు రాసినవాళ్లకు, నకళ్లు రాసిన మా బాపుకు. అద్దాల తలుపు నా వెనక ఉంది. అటు తిరగలేదు.