ఇనుపతల

మా ఆయన్ని పనిచేసే చోట అందరూ ఇనుపతల అనేవాళ్ళు. మొదట్లో ఆ పేరు విని పొంగిపోయాను. ఇప్పుడు ఎవరి నోట ఆ మాట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా తమ్ముడు అంటుంటాడు. నిజమే, ఒప్పుకుంటాను. అలాంటిదాన్ని ఒక్క సంగతి మాత్రం ఏడు నెలలు కడుపులో దాచుకున్నాను. ఆ దాచుకోవడం వల్ల ఒక ప్రాణం పోవాల్సింది. అదీ ఎవరిదో కాదు.

మా ఆయన క్రేను కింద నిలబడి సైగలు చేసే మనిషి. పెద్ద భవనాలు కట్టేచోట క్రేను నడిపే ఆపరేటరు ఎక్కడో ఆకాశంలో, అద్దాల గదిలో కూర్చుంటాడు. కింద బరువు ఎక్కడ దిగుతోందో, దాని కింద ఎవరున్నారో అతనికి సరిగ్గా తెలియదు. ఫోన్లో చెబుదామంటే ఆ రొదలో ఎవడి మాట ఎవడికి వినపడుతుంది? అతను చూసేదల్లా కింద పసుపుపచ్చ చొక్కాలో ఉన్న ఒక మనిషి చెయ్యి. చూపుడువేలు పైకెత్తి చుడితే, ఎత్తమని. వేలు నేలకి చూపించి చుడితే, దించమని. చెయ్యి చాచి అరచెయ్యి అడ్డంగా ఊపితే, ఆపమని. ఇరవై రెండేళ్ళు ఆ చెయ్యి మా ఆయనది. ఒక్క గోరు కూడా చితకలేదు ఆ చేతి కింద.

ఇంట్లోనూ అదే భాష. భోజనానికి కూర్చుంటే నోరు విప్పడు మహానుభావుడు. కంచం మీద వేలు కిందికి చుడితే ఇంకాస్త వడ్డించమని. అరచెయ్యి అడ్డంగా ఊపితే చాలని. "నేనేమన్నా క్రేనునా?" అని మొదట్లో కసిరేదాన్ని. తర్వాత నాకూ అదే అలవాటైంది. ఒకరోజు ఆయన ఏదో చెప్పిందే చెబుతుంటే నేనే చెయ్యి చాచి అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి, "చూడు, ఎత్తమనీ దించమనీ చెప్పే హక్కు అక్కడ నా ఒక్కడిదే. ఆపమనే హక్కు మాత్రం అందరిదీ. ఆ సైగ వంటమనిషి చేసినా సరే, ఆపరేటరు ఆపి తీరాలి," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది. అంత గర్వం తన పనంటే.

మొదటి దెబ్బ మా పెళ్ళైన మూడో ఏట తగిలింది. గాలికి ఊగిన ఖాళీ కొక్కెం వచ్చి హెల్మెట్‌ని కొట్టింది. నిలువునా పడిపోయాడు. నిమిషం తర్వాత కళ్ళు తెరిచి, "ఏంట్రా అందరూ నన్ను చూస్తున్నారు, పనుల్లేవా?" అన్నాడట. అంతా చప్పట్లు కొట్టారు. ఇనుపతల అన్న పేరు ఆరోజే వచ్చింది. రెండోసారి పైనుంచి చెక్క పడింది. మూడోసారి వానలో మెట్ల మీద జారి, తల వెనక భాగం అంచుకి తగిలింది. నాలుగోది లారీ వెనక తలుపు. ఎప్పుడు తగిలినా ఒకటే వైద్యం. నీడలో అరగంట కూర్చోబెట్టడం, చల్లటి నీళ్ళు ఇవ్వడం, మేస్త్రి వచ్చి మూడు ప్రశ్నలు అడగడం.

ఆ మూడు ప్రశ్నల గురించి చెప్పాలి. ఇవాళ ఏం వారం? ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టు. నీ హెల్మెట్ నంబరెంత? ఇవే. ఎప్పుడూ ఇవే. మూడింటికీ సరిగ్గా చెప్తే తల బాగున్నట్టు, లేచి పనిలోకి పోవచ్చు. చెప్పలేకపోతే ఇంటికి పంపుతారు. చెక్క పడినా, లారీ తగిలినా, పడ్డవాడు ముసలాడైనా పడుచువాడైనా, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. వాటిని పనివాళ్ళంతా చిన్నప్పటి ఎక్కంలా వల్లించుకుని పెట్టుకున్నారు. ఇక మూడో ప్రశ్న సంగతి చూడండి. హెల్మెట్ నంబరు హెల్మెట్ మీదే రాసి ఉంటుంది! మా ఆయనది నలభై ఏడు. తీసి చూసుకుని చెప్పేవాడు. అదేంటండీ అంటే, "అడిగింది నంబరు, తీసి చూడొద్దనలేదుగా," అనేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాలుగో దెబ్బ తర్వాత మనిషి మారాడు. ఒక్కరోజులో కాదు. మొదట తలనొప్పి అన్నాడు. తర్వాత వెలుతురు పడటం లేదని కిటికీకి మందపాటి తెర కట్టించాడు. నేను కుట్టుపని చేస్తాను, పనివాళ్ళ చొక్కాలకి వెండిరంగు పట్టీలు కుడతాను. ఆ పట్టీ మీద లైటు పడి కళ్ళకి కొడుతోందని నా మిషను పక్క గదిలోకి తోసేశాడు. ఒకరోజు పాలు మాడి ఇల్లంతా పొగైతే, పొయ్యి పక్కనే కూర్చున్న మనిషికి వాసన తెలియలేదు. కుళాయి చుక్కచుక్కగా కారుతోందని ఓ పొద్దున దాన్ని సుత్తితో విరగ్గొట్టాడు. మా ఇంట్లో అంతకుముందు గట్టిగా అరిచేది నేనొక్కదాన్నే.

బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అంతా అడిగి, నడిపించి, కళ్ళు మూయించి నిలబెట్టి, స్కాను తీయించింది. స్కాను బాగుంది. ఈయన గంతేసినంత పని చేశాడు. "విన్నావా, నా తలలో ఏమీ లేదట!" అన్నాడు. "ఆ సంగతి నాకు పెళ్ళినాడే తెలుసు," అన్నాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"స్కానులో అన్నీ కనపడవు," అంది. "హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకి గురికాకుండా ఆపలేదు. మూత ఎంత గట్టిదైనా, గిన్నెని ఊపితే లోపలి పెరుగు చెదరదా? దెబ్బ తగిలాక కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తే చాలామందికి సర్దుకుంటుంది. ఈయన ప్రతిసారీ అరగంటలో లేచి పనిలోకి వెళ్ళారు. ఒకటి మానకముందే ఇంకోటి తగిలితే అవి కలిసి పనిచేస్తాయి. మరుపు, కోపం, ఒకటి అనుకుని ఇంకోటి చేయడం, ఇవి ఇంకా పెరగొచ్చు. ఎంతవరకు అంటే నేను చెప్పలేను. ఆ పని మాత్రం మాన్పించండి."

 ఇంటికొచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకే. ఆ పని పోతే ఇక నేనెవర్నే?" అన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదీ అడుక్కోలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా. నోరు మూసుకున్నాను.

మూసుకుని ఊరుకున్నా బాగుండేది. మర్నాడు పొద్దున గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఇవాళ ఏం వారమే?" అని అడిగాడు. చెప్పాను. ఆ మర్నాడూ అడిగాడు. వారం తిరిగేసరికి ఆయన అడగక్కర్లేకుండానే, ఆయన గుమ్మంలో ఆగి నావైపు చూడగానే, "బుధవారం" అనో "గురువారం" అనో అందించడం మొదలుపెట్టాను. దారిలో అనుకుంటూ వెళ్ళేవాడు. స్నానాలగదిలోంచి ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది అని వినపడేది. పిల్లల్ని పరీక్షకి తయారుచేసినట్టు ఆయన్ని తయారుచేసి పంపాను. ఏడు నెలలు. ఆ మధ్యలో ఐదో దెబ్బ కూడా తగిలింది. మేస్త్రి అడిగాడు, ఈయన టకటకా చెప్పాడు, లేచి పనిలోకి పోయాడు. నేను తెచ్చిపెట్టిన మార్కులవి.

ఇక మా తమ్ముడి సంగతి. వాడు అదే చోట క్రేను లోడు కింద పనిచేస్తాడు. బరువుకి గొలుసులు కట్టడం, అది దిగేచోట చెక్క దుంగలు పేర్చడం, దిగాక గొలుసులు విప్పడం. దుంగలు పేర్చేవాడు వంగి, వీపు పైకి పెట్టి పనిచేస్తాడు. తల మీద ఏముందో చూసుకోడు. చూసుకోవడానికి బావ ఉన్నాడు కదా. నేనే చెప్పి వాణ్ణి అక్కడ చేర్పించాను. "మీ బావ చేతికింద ఉంటే నాకు కొండంత ధైర్యం," అన్నాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు భోజనానికొచ్చాడు. ఇద్దరికీ వడ్డిస్తున్నాను. మా ఆయన కంచం మీద వేలు కిందికి చుట్టాడు. కూర వేశాను. మళ్ళీ చుట్టాడు. వేశాను. ఇంకా చుడుతున్నాడు. ఆకలిమీదున్నాడు పాపం అనుకుని వేస్తూనే ఉన్నాను. కంచం నిండి కూర నేల మీదికి జారింది. ఉన్నట్టుండి నా చేతిలో గరిటె విసిరికొట్టాడు. "చాలు చాలు అంటుంటే కళ్ళు కనపడట్లేదా?" అని అరిచాడు. అరుస్తూ కూడా వేలు కిందికే చుడుతున్నాడు.

తమ్ముడు విరగబడి నవ్వాడు. "అక్కా, నీ క్రేను చెడిపోయింది, మెకానిక్‌ని పిలవనా?" అన్నాడు.

 ఆపమనుకుంటూ దించమని చూపిస్తున్నాడు. తను చూపించేది ఏమిటో తనకే తెలియడం లేదు. ఇక్కడ పడింది కూర. రేపు అక్కడ పడేది ఏది? ఎవరి మీద? నా ఎదురుగా కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ నవ్వుతున్నాడు వాడు.

ఆ రాత్రంతా ముందు నుయ్యి వెనక గొయ్యి. చెప్తే మొగుడు చచ్చినవాడితో సమానం. చెప్పకపోతే తమ్ముడు నిజంగానే చస్తాడు. పొద్దున్నే గుమ్మానికి అడ్డం నిలబడి, వెళ్ళొద్దన్నాను. నిన్నటి సంగతి చెప్పాను. "కూర ఎక్కువ పోసి నా మీదకి తోస్తావా?" అని నన్ను పక్కకి నెట్టి వెళ్ళిపోయాడు. ఆ గొడవలో ఏం వారమో ఆయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

తమ్ముడికి ఫోను చేస్తే ఎత్తలేదు. పనిలో ఉంటే ఎత్తడు. పట్టీలు సగం కుట్టిన చొక్కాలు మిషను మీదే వదిలేసి పరుగెత్తాను.

మేస్త్రి రేకుల గదిలో ఉన్నాడు. పెద్దాయన. ఎడమ కనుబొమ్మ మీద సొట్ట ఉంటుంది, ఎప్పటిదో దెబ్బ. జరిగిందంతా కక్కేశాను.

"మొన్న కూడా అడిగానమ్మా," అన్నాడు. "మూడూ సరిగ్గానే చెప్పాడే."

"నేను నేర్పి పంపుతున్నానండీ! అవి కాకుండా వేరేవి అడగండి."

"అలాగే. అడుగుతాను."

"ఏమడుగుతారు?"

ఆయన ఆలోచించాడు. సొట్ట మీద వేలితో రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. గోడ కేసి చూశాడు. బల్ల మీద కాగితాలు జరిపాడు. చివరికి మొహం వెలిగింది. "ఇవాళ ఏం వారం అని అడుగుతానమ్మా," అన్నాడు.

వేళాకోళం కాదు. నిజంగానే అన్నాడు. ఆ ముసలాయన్ని చూస్తే ఏడుపొచ్చింది, భయమూ వేసింది. ఈ ఇనుపతలలు ఇంకా ఎంతమంది ఉన్నారో ఇక్కడ అనిపించింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చూశాను.

గోడంత సిమెంటు పలక గాలిలో వేలాడుతోంది. దాని కింద మా తమ్ముడు వంగి దుంగలు పేరుస్తున్నాడు. వాడు పేర్చి పక్కకి జరిగేదాకా లోడు ఆగి ఉండాలి. ఎదురుగా పసుపుపచ్చ చొక్కాలో మా ఆయన నిటారుగా, శ్రద్ధగా నిలబడి ఉన్నాడు. చెయ్యి చాచి ఉంది. వేలు నేలకేసి తిరుగుతోంది. పలక మెల్లగా దిగుతోంది.

ఎలా పరుగెత్తానో తెలియదు. అరిస్తే ఎవరికి వినపడుతుంది? ఖాళీ జాగాలోకి వెళ్ళి, తలెత్తి ఆ అద్దాల గదికేసి చూస్తూ, చెయ్యి చాచి అరచెయ్యి అడ్డంగా ఊపాను. చీర కొంగు జారిపోయినా ఊపుతూనే ఉన్నాను. వంటమనిషి చేసినా సరే అన్నాడు కదా.

పలక ఆగింది. తమ్ముడి నడుముకి జానెడు ఎత్తున ఆగింది. వాడు తల తిప్పి చూసి, పాక్కుంటూ బయటికొచ్చి కూలబడ్డాడు. 

మా ఆయన నావైపు కోపంగా వచ్చాడు. "నా పనిలో నువ్వెందుకే వేలు పెట్టావు? నేను ఆపమనే కదా చెప్తున్నాను!" అన్నాడు. అంటూ నాకు సైగ చేసి చూపించాడు. వేలు కిందికి తిరుగుతోంది. చుట్టూ చేరిన పనివాళ్ళు ఆ వేలు చూశారు.  వాళ్ళ మొహాలు చూసి ఆయన కూడా తన వేలు చూసుకున్నాడు. చూసి, ఆ చేతిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

మేస్త్రి రొప్పుతూ వచ్చాడు. ఆయనకి తెలిసిన మంత్రం అదొక్కటే. అదే అడిగాడు.

"ఇవాళ ఏం వారం?"

మా ఆయన నావైపు తిరిగాడు. ఆ కళ్ళల్లో ఇప్పుడు కోపం లేదు, బెదురు కూడా లేదు. రోజూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ చూసే చూపే. ఇది చెప్తుందిలే అన్న నమ్మకం.

సోమవారం. నా నాలుక చివరే ఉంది. పెదవి కదిపితే చాలు, అందుకునేవాడు. నా పక్కన నేల మీద మా తమ్ముడు కూర్చున్నాడు. నేను పళ్ళు బిగబట్టుకుని తల దించేసుకున్నాను.

ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత హెల్మెట్ తీసి, వెనక్కి తిప్పి చూసుకుని, "నలభై ఏడు," అన్నాడు.