డ్రమ్స్ లేని పాట

కనిగిరి బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒక రాక్ బ్యాండ్‌లో పదేళ్లు డ్రమ్స్ వాయించాడట. చిన్నప్పుడు ప్రత్తిపాడు చర్చిలో నేర్చుకున్న విద్య. కొత్త ఆల్బమ్‌కి బ్యాండ్ తన పద్ధతంతా మార్చేసుకుంది. డ్రమ్స్ తీసేశారు, ఆయన్నీ ఇక రావద్దన్నారు.

"మీరు విని నిజం చెప్పండి," అంటూ ఆ ఆల్బమ్‌లో పాటొకటి పెట్టి ఇయర్‌ఫోన్లు నా చేతికిచ్చాడు.

ఒక గిటారు, ఒక గొంతు, అంతే. కిటికీ అవతల మిరప కల్లాలు వెనక్కి పోతున్నాయి. పాట అయ్యేదాకా ఆయన నా ముఖమే చూస్తున్నాడు. బాగాలేదంటే ఆయన మనసు తేలికపడుతుందని తెలుసు. కానీ అబద్ధం నోటికి రాలేదు.

"చాలా బాగుందండి."

"నాకూ అలాగే అనిపించిందండి. బాధంతా అదే," అన్నాడు.

పొదిలిలో నా భుజం తట్టి దిగిపోయాడు.

ఆ పాట ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది. ఆయనకేదో ద్రోహం చేస్తున్నట్టు, ఇంట్లో ఎవరూ లేనప్పుడే పెట్టుకుంటాను.