నాలుగు నిమిషాల గాలి

మా తమ్ముడు రసెల్ ఓల్డ్‌రాయిడ్‌కి అప్పటికి యాభై ఒక్క ఏళ్లు. అందులో నలభై ఏళ్లు ఒక పిల్ల ఊపిరి గురించి బెంగపెట్టుకునే గడిపాడు. ఆ పిల్ల పేరు ఫెన్నా. కన్న కూతురూ కాదు, బంధువుల పిల్లా కాదు. ‘రాటిల్’ అనే బొమ్మల వారపత్రికలో, నీట మునిగిన లండన్ వీధుల్లో ఈదుకుంటూ తిరిగే పిల్ల. 1979 మార్చిలో ఒక గురువారం నాడు ఆమె నీటి అడుగున ఒక గంటస్తంభంలో చిక్కుకుంది. తలుపు బిగుసుకుపోయింది. వీపు మీది సీసాలో నాలుగు నిమిషాల గాలి మిగిలింది. ‘తర్వాత ఏమైందో వచ్చే గురువారం’ అని కింద అచ్చువేశారు.

వచ్చే గురువారం ఆ పేజీలో బంతాట ఆడే మేక కథ మొదలైంది. ఫెన్నా గురించి ఒక్క ముక్క లేదు. రసెల్ తన కాపీలో పేజీ ఊడిపోయిందనుకుని వానలో పరుగెత్తి పేపర్ల దుకాణానికి వెళ్లాడు. దుకాణం నడిపే మిసెస్ క్రౌదర్ పాపం మంచిది, మిగిలిన కాపీలన్నీ తెరిచి చూపించింది. అన్నిట్లోనూ మేకే. పదకొండేళ్ల వాడు తడిసి ముద్దై ఇంటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, టీకి పిలిచినా రాలేదు.

ఆ వయసులో ఏడిచి మర్చిపోతారు ఎవరైనా. వీడు మర్చిపోలేదు. ఫెన్నా ఎలా బయటపడిందో తెలుసుకోకుండా చచ్చిపోనన్నాడు. పెద్దయ్యాక కూడా అదే మాట. నాకు ఒళ్లు మండేది అందుకే.

రసెల్ హడర్స్‌ఫీల్డ్ నుంచి మార్స్‌డెన్ దాకా బస్సు నడుపుతాడు. మనిషి మంచివాడు. ముసలమ్మలు కూర్చునేదాకా బండి కదిలించడు. క్రిస్మస్‌కి ఊళ్లో వేసే సంగీత హాస్య నాటకానికి ఏటా వెళ్లి, పిల్లల మధ్య కూర్చుని, "వెనకాల! నీ వెనకాల ఉన్నాడు!" అని అందరికంటే గట్టిగా అరుస్తాడు. అంతరిక్షం నవలలంటే ప్రాణం. ఎవరైనా రచయిత పుస్తకం మీద సంతకం పెడతాడంటే వానలో మూడు గంటలు నిలబడతాడు, నిలబడినంతసేపూ సంతోషంగా ఉంటాడు. ఆ వరసలో పరిచయమైన వాళ్లే వాడి స్నేహితులు. కానీ ఏ కబురు మొదలుపెట్టినా చివరికి ఫెన్నా దగ్గరికే తెచ్చేవాడు.

ఇంట్లో వెనక గది నిండా రాటిల్ పత్రికలే. ఒక్కో సంచికకీ ఒక్కో ప్లాస్టిక్ కవరు. చేతులు రెండుసార్లు కడుక్కోనిదే తాకడు, మమ్మల్ని తాకనివ్వడు. టీ కప్పుతో ఆ గుమ్మం దాటితే ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. పెళ్లాం లొరెయిన్ ఆరేళ్లు ఓర్చుకుంది. పెట్టె సర్దుకుని వెళ్లిపోయేటప్పుడు, "ఆ కవర్లలో ఒకటి నాకూ తొడిగుంటే ఉండేదాన్నేమో" అంది. వీడు నవ్వుతుందనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

కంపెనీకి వాడు రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. మొదటి దానికి ఒక బ్యాడ్జీ పంపారు. తర్వాత ఆ కంపెనీని ఇంకొకరు కొన్నారు, వాళ్లని మరొకరు కొన్నారు. పాత కాగితాలేవీ తమ దగ్గర లేవని మూడోవాళ్లు రాశారు. పోనీ రాసిన మనిషిని అడుగుదామంటే, ఆ రోజుల్లో రాసినవాడి పేరు గానీ గీసినవాడి పేరు గానీ పత్రికలో వేసేవారు కాదు. ఎవరినని అడుగుతాడు? గోడకి తల బాదుకున్నట్టే అయింది.

ఇలా ఉండగా 2019 అక్టోబరులో ఫోన్ చేశాడు.

"బెవ్, పార్ఫిట్ వస్తున్నాడు."

"ఏ పార్ఫిట్? బాయిలర్ బాగుచేసేవాడా?"

"రాటిల్ ఎడిటర్! హాలిఫాక్స్ కామిక్స్ మేళాకి వస్తున్నాడు. స్టేజీ మీద మాట్లాడతాడట. ప్రశ్నలు కూడా అడగొచ్చట."

"ఇంకా బతికే ఉన్నాడా?"

"ఎనభై మూడట. శనివారం దాకా ఉంటే చాలు."

నాకు నవ్వొచ్చింది గానీ వాడి గొంతులో నవ్వు లేదు. వాడి బండి గ్యారేజీలో ఉందని నా కారులో తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, దారిలో ఒక్క ముక్క ముట్టలేదు. కొండ మీద మంచు పట్టి అద్దంలోంచి ఏమీ కనిపించక నేను తిట్టుకుంటూ నడుపుతుంటే, పక్కన కూర్చుని ప్రశ్న వల్లెవేస్తున్నాడు.

"ఒరేయ్, సొద పెట్టకు. రెండు ముక్కల్లో అడుగు."

"గంటస్తంభం ఏ వీధిలో ఉందో చెప్పకపోతే ఆయనకెలా గుర్తొస్తుంది?"

"ఆయన రాసిందే కదరా!"

"ఆయన రాయలేదు, అచ్చువేశాడు. ఇన్నేళ్లయినా నీకు తేడా తెలీదు, బెవ్."

హాల్లో నూటయాభై మంది ఉంటారు. అందరూ యాభై దాటిన మగాళ్లే, ఎక్కడో ఒకరిద్దరు ఆడవాళ్లు. అందరి ఒళ్లోనూ సంచులు, సంచుల్లో కవర్లు. ఒక్కొక్కరినీ చూస్తుంటే వీళ్లంతా చేతులు రెండుసార్లు కడుక్కునే రకమేనని తెలిసిపోతూ ఉంది. ఇంతమంది రసెల్‌లు ఒకేచోట ఉంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

పార్ఫిట్ గారు బక్కపలచని మనిషి. ఉన్ని స్వెటరు, చేతికర్ర, కాగితం కప్పులో టీ. బాగానే మాట్లాడాడు, నవ్వించాడు. ప్రశ్నలు అడగమనగానే రసెల్ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు. మైకు పట్టుకున్న కుర్రది వీడిని తప్ప అందరినీ పిలిచింది. ఒకాయన కాగితం ధర గురించి అడిగాడు. ఇంకొకాయన ప్రశ్న పేరు చెప్పి తన జీవితచరిత్ర చెప్పాడు. నాకు లేచి ఆ మైకు లాక్కోవాలనిపించింది. చివరికి "ఇంకొక్కటే" అన్నప్పుడు నేనే కేకేశాను, "వీడికివ్వమ్మా, చెయ్యి పడిపోతోంది!" అని.

రసెల్ లేచాడు. వల్లెవేసిందంతా పోయింది.

"ఫెన్నా ఎలా బయటపడిందండీ?"

ముందు వరసలో ఒకాయన కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి మా తమ్ముడిని చూశాడు. ఆ ప్రశ్న వీడొక్కడిదే కాదని నాకు అప్పుడు తెలిసింది.

పార్ఫిట్ గారు కప్పులోకి చూస్తూ చెప్పాడు. "బయటపడలేదు బాబూ. కథ ఆపెయ్యమని రాసేవాడికి ఒక సోమవారం చెప్పాం. పిల్లని ఎలా తప్పిద్దామనుకున్నావయ్యా అని నేనూ అడిగా. ‘ఇంకా ఆలోచించలేదండీ, శుక్రవారం దాకా టైముందిగా’ అన్నాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది."

రసెల్ కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. "ఎందుకాపారు?"

"ఓట్లు రాలేదు. ప్రతి సంచికలోనూ కూపన్ ఉండేది, గుర్తుందా? మీకు నచ్చిన మూడు కథల పేర్లు రాసి, కత్తిరించి పంపండి అని. ఆ కూపన్లు నేనే లెక్కపెట్టేవాణ్ణి. మూడు నెలలు వరసగా అడుగున ఉన్న కథని ఆపెయ్యాలి, అది పైవాళ్ల రూలు. ఫెన్నాకి వారానికి తొమ్మిది వచ్చేవి. దాని పై కథకి ఇరవై రెండు."

"అబద్ధం!" వాడి గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. "నేను ప్రతివారం పంపాను. ఒక్క వారం మానలేదు."

"కూపనేనా?"

"కూపనే."

"కత్తిరించి?"

"కత్తిరించి కాదండీ. దాని వెనకవైపు ఫెన్నా ఆఖరి బొమ్మ ఉండేది కదా. కత్తిరిస్తే మొహం పోతుంది. అందుకని తెల్లకాగితం మీద గీసి పంపాను. స్కేలు పెట్టి, కొలతలు తేడా రాకుండా."

పార్ఫిట్ గారు కప్పు కింద పెట్టాడు. "అవి మీవా! మీరొక్కరే కాదు, వారానికి రెండొందలు వచ్చేవి అలాంటివి. ముచ్చటగా ఉండేవి, అసలుకీ వాటికీ తేడా తెలిసేది కాదు. అన్నీ ఫెన్నాకే. ఏదీ లెక్కలోకి తీసుకోలేదు. ఒకడే పది గీసి పంపితే ఎలా? అందుకే కూపన్ మీదే అచ్చువేశాం కదా, చేతితో గీసినవి చెల్లవని. కింద, చిన్నక్షరాల్లో."

అప్పుడు మా వెనక వరసలోంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

"ఆ వాక్యం కూడా రాశానండీ నేను."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"నేనూ రాశాను" అన్నాడు రసెల్. "అక్షరం పొల్లు పోకుండా."

నాకు మా చిన్నప్పటి వంటింటి బల్ల కళ్లముందు కనిపించింది. నాలుక బయటపెట్టి, కాగితానికి ముక్కు ఆనించి, చీమకాళ్లలాంటి అక్షరాలు ఒక్కొక్కటీ దించుతున్నాడు. ‘చేతితో గీసినవి చెల్లవు.’ ఏం రాస్తున్నావురా అని అడిగితే, "ఉన్నది ఉన్నట్టు ఉండాలి, లేకపోతే చెల్లదంటారు" అన్నాడు.

మేమూ గీసే పంపామన్నట్టు పక్క వరసల్లో ఇంకో చెయ్యి లేచింది, ఇంకోటి లేచింది, చూస్తుండగానే యాభై దాకా లేచాయి. ఎవరో కోపంగా అరిచారు, "అసలు ఆ బొమ్మ వెనకాలే ఎందుకు వేశారండీ కూపన్?" పార్ఫిట్ గారు ముఖం తుడుచుకున్నాడు. పేజీల సర్దుబాటు ప్రెస్సువాళ్లదని, ఇంత ప్రేమించేవాళ్లు కత్తెర పెట్టలేరని తనకి అప్పుడు తట్టలేదని, తట్టి ఉంటే ఒక్క పేజీ అటూఇటూ జరపడం చిటికెలో పని అని చెప్పాడు. నిజమే చెప్పాడు. అదే ఇంకా మంటగా ఉంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఆ హాల్లో ప్రతివాడి గుప్పిట్లోనూ కొంత ఉంది.

బయట వసారాలోకి వచ్చాక రసెల్ గోడకి ఆనుకున్నాడు. నలభై ఏళ్లు కంపెనీని తిట్టాడు, ఎడిటర్ని తిట్టాడు, ఆ మేకని తిట్టాడు. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

"ముంచేసింది మేమే, బెవ్."

"ఒరేయ్, బొమ్మరా అది."

"ఇంకో పద్నాలుగు ఓట్లొస్తే చాలేది. ఆ హాల్లో యాభై చేతులు లేచాయి. నీ కుట్టుపెట్టెలో కత్తెర ఉండేది. చెయ్యి చాపితే అందేది."

నాకు కోపం ముంచుకొచ్చింది. అంత శ్రద్ధగా గీసిన కాగితాలని బుట్టలో వేసిన వాళ్ల మీద వచ్చింది. ‘చెల్లదు’ అని తన చేత్తో తానే రాసి, స్టాంపు అంటించి పంపిన ఈ వెర్రిబాగులవాడి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. భుజం పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. ఊపలేదు. ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. తాగకుండా పట్టుకుని నడిచాడు.

గుమ్మం దగ్గర ఒకామె పాత పత్రికలు అమ్ముకుంటోంది. బల్ల కింద ఒక అట్టపెట్టెలో చిరిగినవీ, మరకలు పడినవీ పడేసి ఉన్నాయి. రసెల్ అలవాటుకొద్దీ వంగి తిరగేయసాగాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. చేతిలో రాటిల్, 1979 ఫిబ్రవరి. అట్ట మూల మీద, ఏ ఇంటికి వెయ్యాలో గుర్తుకి పేపర్ల దుకాణంవాళ్లు రాసుకున్న పెన్సిల్ రాత, ‘బీచ్ వీధి, 31’ అని. లోపల ఫెన్నా కథ ఆఖరి బొమ్మ ఉండాల్సిన చోట చదరంగా ఒక కన్నం ఉంది.

"అది తీసుకోకు నాయనా, కూపన్ కోసేశారు" అందామె. "దానికెవరూ ఒక్క పెన్నీ ఇవ్వరు. కావాలంటే ఊరికే పట్టుకెళ్లు."

రసెల్ వినలేదు. కన్నం అంచుల మీద వేలు పెట్టి చూస్తున్నాడు. కత్తెర సరిగ్గా గీత వెంబడే వెళ్లింది, ఎక్కడా తప్పలేదు.

"బెవ్, ఇటు చూడు." వాడి కళ్లనిండా నీళ్లు. "ఆ తొమ్మిదిమందిలో ఒకరు. ఎవరో పిల్లో పిల్లాడో. ఆమెను నిలబెట్టడానికి ఆమె మొహాన్నే కోసి పంపారు. నావల్ల కాలేదు, వాళ్లవల్ల అయింది."

రాటిల్‌లో వారానికి పన్నెండు కథలుండేవి. వేలమంది పిల్లలు ఆ కూపన్ కత్తిరించి ఉంటారు. ఫెన్నా ఎవరో పట్టనివాళ్లకి ఆ పేజీకి కత్తెర పెట్టడానికి ఇబ్బందేముంది? బీచ్ వీధి పిల్ల ఏ కథకి ఓటేసిందో ఆ కన్నం చెప్పదు. తొమ్మిదిమంది ఎక్కడ, వేలమంది ఎక్కడ. అక్కడే, ఆ బల్ల ముందే, ఆ మాట నా నోటిదాకా వచ్చింది. పుట్టినప్పటినుంచి వాడితో ఏ మాటా దాచుకున్న దాన్ని కాదు. మొహం మీదే అనేసేదాన్ని.

"అవున్రా" అన్నాను. "తొమ్మిదిమందిలో ఒకరు."